నాలుగో వరసకు చేరని మాట

మీ బిడ్డకు ఇంగ్లీషు బాగా వచ్చని చుట్టాల ముందు చెప్పుకుంటున్నారు కదా, ఆ భాషలో ఆ బిడ్డ ఇంతవరకు ఒక్క నిజమైనా చెప్పిందా? వారాల పేర్లు, పండ్ల పేర్లు, చేతులు తిప్పుతూ పాడే పాటలు వద్దు. నిన్న బడిలో కొట్టింది ఎవరు, అన్నం ఎందుకు మిగిల్చింది, ఏ సారును చూస్తే భయం, ఇలాంటి నిజం. చెప్పలేదంటే ఆ బిడ్డకు పట్టుబడింది ఇంగ్లీషు మోత మాత్రమే. ఆ మోతను నేను కొన్నేళ్ళు నేర్పాను. దానివల్ల ఒకామె బతుకు ఏమైందో దగ్గరగా చూశాను. అందుకే అడుగుతున్నాను.

ఆ మోత నాకు పుంగనూరులో అంటుకుంది. తొంభైల మొదట్లో అక్కడ హైస్కూల్లో చదివాను. మా ఇంగ్లీషు సారు తరగతిలోకి వస్తూనే నల్లబల్ల మీద నిలువుగా ఏడు మాటలు రాసేవాడు. ఐ, వీ, యూ, హీ, షీ, ఇట్, దే. వాటి పక్కన ఆ రోజు క్రియ. తర్వాత కుర్చీలో కూర్చుని బల్ల మీద బెత్తంతో ఒక దెబ్బ. అరవైమందిమి ఒక్క గొంతుతో మొదలుపెట్టేవాళ్ళం. ఐ గో, వీ గో, యూ గో, హీ గోస్, షీ గోస్, ఇట్ గోస్, దే గో. నాలుగు, ఐదు, ఆరు వరసల్లో చివరి ‘స్’ దగ్గర గొంతు పెంచాలి. పెంచనివాడు దొరికిపోయేవాడు. రోడ్డవతల వక్కాకు అంగడి ఆయన ఆ అరుపు విని “ఈ పొద్దు ఇంగ్లీషు సారు వచ్చినాడప్పా” అని పక్కవాళ్ళకు చెప్పేవాడట.

రాగం ఎక్కాలదే. ఎనిమిదేళ్ళు ఎంతంటే చాలామందిమి ఎనిమిదో ఎక్కం మొదటినుంచి లోపల చదువుకుని ఏడు దగ్గర ఆగి చెప్పేవాళ్ళం. ఇంగ్లీషూ అంతే. ‘ఆమె పోతుంది’ అని రాయమంటే పెదవులు కదిలించుకుంటూ ఐ నుంచి దిగి ఐదో మెట్టు మీద షీ దగ్గర ఆగేవాళ్ళం. మధ్యలో దిగడానికి దారే లేదు.

ఒకసారి లేచి అడిగాను. “సార్, ఇట్ గోస్ అంటే ఏది పోతుంది సార్?”

“నీ మార్కులు పోతాయి రా. కూసో.”

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. సారు చెడ్డవాడు కాదు. ఆయనకూ ఎవరో అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ నవ్వుతో నేను కూర్చున్నాను చూడండి, అక్కడ అర్థం అడగడం మానేశాను. పదో తరగతిలో ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చాయి. పోయినవి ఏవో మార్కుల పట్టికలో కనపడవు.

డిగ్రీకి మదనపల్లె వెళ్ళాక నాకు ఇంకో పిచ్చి పట్టింది. వాదాలు. మూఢనమ్మకాల మీద, జాతకాల మీద, చేతబడి మీద ఆదివారాల్లో ఒక చిన్న హాల్లో చర్చలు జరిగేవి. టమోటా మార్కెట్టుకు వచ్చిన రైతులు కూడా లారీ లోడయ్యేదాకా వచ్చి వెనక వరసలో కూర్చునేవాళ్ళు. నేను నిప్పులా మాట్లాడతానని పేరు వచ్చింది. ఒక ఆదివారం విషయం మంత్రాలు. అర్థం తెలియకుండా వల్లించే మాటకు శక్తి ఉండదని గంటసేపు దంచాను. పౌరోహిత్యం చేసుకునే ఒక పెద్దాయన చివర్లో లేచాడు.

“ఏమప్పా, నువ్వు ఇంగ్లీషు ఎట్ల నేర్చుకున్నావు?”

“బడిలో, స్వామీ.”

“మా ఇంటి ఎదురుగానే ఉండాది బడి. దినామూ వింటాండాను. ఐ యామ్, వీ ఆర్, యూ ఆర్. ఆ పిల్లోళ్ళలో ఒకనికైనా అర్థం తెలుసునా? మాది మంత్రమయితే మీది ఏంది?”

“మీ మంత్రం మీకొక్కరికే కూడు పెడుతుంది స్వామీ. మా మంత్రం ఊరందరికీ ఉద్యోగం పెడుతుంది.”

చప్పట్లు మోగిపోయాయి. పెద్దాయన కండువా సర్దుకుని కూర్చున్నాడు. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఆ సంగతి హాల్లో ఎవరూ గమనించలేదు, నేను కూడా. వాదంలో గెలవడం వేరు, ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు అని తెలియని వయసు అనుకుంటే సులువుగా తప్పించుకోవచ్చు. నిజానికి తెలుసు. చప్పట్ల తీపి ముందు అది కంటికి ఆనలేదు.

ఉద్యోగం ఊరందరికీ ఏమో గానీ నాకు రాలేదు. చివరికి కుప్పంలో, గ్రానైట్ రాళ్ళు కోసే షెడ్డు పక్కన మేడమీద ఒక గది బాడుగకు తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు మొదలుపెట్టాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ‘నలభై రోజుల్లో నాలుక తిరుగుతుంది’ అని బోర్డు రాయించాను. రాతి పొడి కిటికీలోంచి వచ్చి బల్లల మీద తెల్లగా కూర్చునేది. తుడిచి, నల్లబల్ల మీద ఏడు మాటలు నిలువుగా రాసి, డస్టరుతో ఒక దెబ్బ వేసేవాణ్ణి. బెత్తం బదులు డస్టరు. నేను తెచ్చిన సంస్కరణ అంతే.

కుప్పంలో ఇంగ్లీషుకు గిరాకీ ఎందుకంటే బెంగళూరు రైలు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఇంకో లోకం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, సంతలో కన్నడం మాట్లాడేవాళ్ళకు నాలుగో భాష ఒక లెక్క కాదనుకునేవాళ్ళు. మూడు భాషలు మాట్లాడుతూనే నేర్చుకున్నవాళ్ళు నా గదికొచ్చి నాలుగోదాన్ని మాత్రం వల్లించేవాళ్ళు. ఈ తేడా నాకు కొట్టొచ్చినట్టు కనపడాల్సింది.

ఆదివారం పొద్దుటి బ్యాచిలో ఒకామె చేరింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. ఊరి బయట చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పని. మొదటి రోజే అడిగాను, ఎందుకమ్మా ఇంగ్లీషు అని. మిగతావాళ్ళు ఉద్యోగం అనో, పిల్లల చదువు అనో చెప్పారు. ఆమె జవాబు వేరుగా ఉంది.

“మా ఫ్యాక్టరీకి నెలకొకసారి బెంగళూరు నుంచి ఒక ఆఫీసరు వస్తాడు సార్. ఉత్తరాది ఆయన. మన భాషలేవీ రావు. మేం చెప్పేది మా సూపర్‌వైజరే ఆయనకు ఇంగ్లీషులో చెప్తాడు. మేం కష్టం చెప్తే ఆఫీసరు నవ్వుతాడు సార్. ఏం చెప్తాండాడో ఏమో. నా మాట నేనే చెప్పుకోవల్ల. ఇంకొకరి నోట్లో పెడితే ఉప్పు మారిపోతాది.”

అంతకన్నా మంచి కారణం ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. నేను మెచ్చుకున్నాను. మెచ్చుకుని అందరితో పాటు వరసలో కూర్చోబెట్టాను.

రెండు మూడు వారాలకే ఆమె ఒక ప్రశ్నతో తగులుకుంది. “సార్, ఎదురుగా ఒక ఆయన ఉండాడు. ఆయన గురించి చెప్పల్ల. నాకు హీ ఒక్కటే కావల్ల. ఐ నుంచి యాల మొదలుపెట్టేది?”

“ఎక్కం మధ్యలోంచి మొదలుపెడతారా అమ్మా? పునాది లేకుండా గోడ లేస్తుందా? వరసగా చెప్పు, అదే వస్తుంది.”

“మా అన్న ఎనిమిదేళ్ళు ఎంతంటే ఎనిమిదొకట్ల నుంచి మొదలుపెడతాడు సార్. చెప్పేలోపల బస్సు పోతాది.”

గదిలో నవ్వులు. “బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది, కూర్చోమ్మా” అన్నాను. ఇంకా నవ్వులు. మా పుంగనూరు సారు గొంతు నా నోట్లోంచి వచ్చింది.

ఇప్పుడు ప్రశాంతంగా ఆలోచిస్తే ఆమెకు చెప్పాల్సింది అయిదు నిమిషాల పని. మన మాటలో మనిషి క్రియ తోకలో ఉంటాడు. ‘తీసినాను’ అంటే నేను, ‘తీసినాడు’ అంటే వాడు. ముందు ఎవరో చెప్పకపోయినా తోక చెప్పేస్తుంది. ఇంగ్లీషులో జరిగిపోయిన పనికి తోక అందరికీ ఒకటే. అందుకని మనిషి ముందే రావాలి, చెప్పదలచుకున్న మనిషి ఒక్కడే రావాలి. వేలు పెట్టి చూపించినట్టు. అంతే. ఎదురుగా ఇద్దరిని నిలబెట్టి, తలుపు ఎవరు వేశారు, నీళ్ళు ఎవరు తాగారు అని అడిగి చెప్పించి ఉంటే సరిపోయేది. నేను వేలు పెట్టి చూపించడం నేర్పలేదు. ఏడుగురినీ వరసగా పిలవడం నేర్పాను.

ఒక ఆదివారం క్లాసు అయ్యాక ఆమె వెళ్ళకుండా నిలబడింది. ఫ్యాక్టరీలో దెబ్బ తగిలిందని చెప్పింది, ఆమెకు కాదు, పక్క మిషను మీద కుట్టే పద్దెనిమిదేళ్ళ పిల్లకు. సూది దగ్గరికి వేలు పోకుండా చిన్న ఇనుప కమ్మి అడ్డం ఉంటుందట. దారం మార్చేటప్పుడు అది అడ్డమొచ్చి పని ఆలస్యమవుతోందని సూపర్‌వైజరు ఆ వరసలో నాలుగు మిషన్లకూ కమ్మీలు విప్పేశాడు. నాలుగో రోజు సూది ఆ పిల్ల చూపుడువేలిలో ఎముక దాకా దిగింది. ఇప్పుడు సూపర్‌వైజరు, ఆడవాళ్ళే తొందరకు విప్పుకున్నారని అంటున్నాడు. ఆఫీసరు బుధవారం వస్తున్నాడు.

“నేను చూసినాను సార్. వాడే విప్పినాడు, నా కళ్ళ ముందర. ఆఫీసరు వస్తే నేనే చెప్తానని మా వాళ్ళకు మాటిచ్చినాను. విప్పేసేదానికి ఇంగ్లీషులో ఏమంటారు?”

నా సంచి భుజానికి తగిలించుకుని ఉన్నాను. మదనపల్లె బస్సుకు టైమయింది. ఆ సాయంత్రం అక్కడ నా ఉపన్యాసం ఉంది. విషయం దయ్యాలు పట్టడం. నల్లబల్ల మీద ‘రిమూవ్డ్’ అని తెలుగు అక్షరాల్లో రాశాను. చివర ‘ఇట్’ చేర్చాను. పక్కన ఏడు మాటలు పొద్దున రాసినవి అలాగే ఉన్నాయి.

“వరసగా ఏడూ కంఠతా పట్టమ్మా. నీకు కావలసింది అందులో ఉంటుంది.”

“అంతేనా సార్?”

“అంతే.”

ఆమె నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. మెట్లు దిగుతూ కూడా గొణుక్కుంటూనే ఉంది. నేను పలమనేరు మీదుగా పోయే బస్సెక్కాను. ఆ సాయంత్రం బాగా మాట్లాడానని అందరూ అన్నారు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారం క్లాసు ముగిశాక వచ్చి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

“ఏమైందమ్మా?”

“మీరు చెప్పినట్లే చెప్పినాను సార్.”

బుధవారం ఆఫీసరు వచ్చి ఆ వరసలో పనిచేసేవాళ్ళను పిలిచాడు. దెబ్బ తగిలిన పిల్ల ఆసుపత్రిలో ఉంది కాబట్టి వచ్చింది ఈమె, ఇంకో ఇద్దరు. సూపర్‌వైజరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు మిషను చూపించి ‘హూ రిమూవ్డ్ ఇట్’ అన్నాడు. ఆమెకు ప్రశ్న అర్థమైంది. సూపర్‌వైజరు నోరు తెరిచే లోపలే ఈమె ముందుకొచ్చింది. మూడు రోజులు కంఠతా పట్టింది మొదలుపెట్టింది.

“ఐ రిమూవ్డ్ ఇట్.”

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు.

“వీ రిమూవ్డ్ ఇట్.”

పక్కనున్న ఇద్దరి వైపూ చూశాడు.

“యూ రిమూవ్డ్ ఇట్.”

ఆయన ముఖం ఎర్రబడిపోయింది. చెయ్యెత్తి ఆపేశాడు. హిందీలో ఏదో అరిచాడు. ఆమె ఇంకా చెప్పబోయింది. సూపర్‌వైజరు మధ్యలోకొచ్చి, ఒప్పుకుంది కదా సార్ అన్నట్టు ఏదో ఇంగ్లీషులో చెప్పి తలుపు చూపించాడు.

“నాలుగోదానికి వచ్చేలోపల అయిపోయింది సార్” అంది ఆమె. “మీరు హీ దగ్గర గొంతు పెంచమంటారు కదా, దాని కోసం ఊపిరి పట్టుకున్నాను. అంతలోనే.”

ఊరూరా తిరిగి గొంతు చించుకునేవాణ్ణి, ఆ గుమ్మం దగ్గర డస్టరు పట్టుకుని నిలబడ్డాను.

“అన్నిటికన్నా ఏది కష్టమో తెలుసునా సార్? ఆ రెండోది. నా పని పోయినాది, సరే. ‘వీ’ అంటే మేమందరమని కదా. ఆ ఇద్దరినీ తీసేసినారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. నేను వాళ్ళ పేర్లు చెప్పి ఇరికించినాననే అనుకుంటాండారు. కొళాయి దగ్గర కూడా మాట్లాడరు.”

“నేను వచ్చి వాళ్ళకు చెప్తానమ్మా.”

“ఏమని చెప్తారు? పాఠం చదివినానని చెప్తే నవ్వుతారు సార్. ఎవరైనా అట్ల చేస్తారా అంటారు. నేనే అనుకున్నాను, ఎవరైనా అట్ల చేస్తారా అని.”

మనమే చేస్తాం. ఎక్కడ ఆగాలో తెలిసి, మొదటి మెట్టు నుంచి దిగితేనే అక్కడికి చేరగలిగే మనుషులను మన బడులే తయారు చేస్తున్నాయి. వాళ్ళలో నేనొకణ్ణి. ఆమెను తయారు చేసింది నేనే.

ఆ రాత్రే ఆఫీసరుకు ఫ్యాక్టరీ చిరునామాకే రెండు పేజీల ఉత్తరం రాశాను, మంచి ఇంగ్లీషులో. జవాబు రాలేదు. పది రోజులు చూసి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను. లోపలికి పోనివ్వలేదు. చివరికి సూపర్‌వైజరే బయటికొచ్చాడు. నాకన్నా చిన్నవాడు, నీటుగా చొక్కా టక్ చేసుకున్నాడు. నా గొంతు పెరిగేలోపలే చల్లగా అందుకున్నాడు.

“ఏం సార్, మీ ఉత్తరం వచ్చినాది. నేనే ఫోన్లో చదివి వినిపించినాను పెద్దసారుకు. ఆయమ్మ నోటితో ఆయమ్మే చెప్పింది కదా సార్. ఇంగ్లీషు మీరే నేర్పించినారంట. బాగా నేర్పించినారు, చానా క్లియర్‌గా చెప్పింది.”

ఆమె మాట ఎవరి నోట్లో పడి ఉప్పు మారుతుందని భయపడిందో, నా ఉత్తరం కూడా నేరుగా అదే నోట్లో పడింది. దేవుళ్ళను, దయ్యాలను, స్వాములను వేదికల మీద ఓడించినవాణ్ణి, ఒక ఇనుప గేటు ముందు ఓడిపోయి వెనక్కి నడిచాను. తర్వాత ఒక లాయరును అడిగితే సాక్షులు కావాలన్నాడు. ఆ ఇద్దరూ ఆమె తరఫున నిలబడేది లేదన్నారు. దెబ్బ తగిలిన పిల్లను వాళ్ళ నాన్న ఊరికి తీసుకెళ్ళిపోయాడు. అంతటితో అది ముగిసింది.

ఆమె ఇంట్లో ఊదుబత్తులు చుట్టడానికి కుదురుకుంది. ఒకసారి వెళ్ళాను. పలక ముందు కూర్చుని, నల్లటి ముద్ద పుల్లకు దొర్లిస్తూ, తల ఎత్తకుండానే “ఈ పనికి మాట్లాడే పని లేదు సార్, బాగుండాది” అంది. ఎత్తిపొడుపో నిజమో నాకు తెలియలేదు.

మీరు ఇక్కడ నేను మారిపోయానని రాస్తానని ఎదురుచూస్తుంటారు. సిగ్గు పడుతూ చెప్తున్నాను, ఆ తర్వాత కూడా దాదాపు ఒక ఏడాది అదే పట్టిక రాశాను. అలవాటు, భయం, రెండూ. చివరికి ఒక రోజు పట్టిక చెరిపేసి, వచ్చినవాళ్ళను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, నిన్న ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకోమన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. తప్పులతో, తడబడుతూ, ఒక్కో మాట బయటికొచ్చేది. నాకు ఆ తడబాటు నచ్చింది. వాళ్ళకు నచ్చలేదు. “ఈడ సారు చదివించడంల్యా, ఊరికే మాట్లాడిస్తాండాడు” అన్నారు. మెట్ల కింద నిలబడి వినే తల్లిదండ్రులకు అరుపు వినపడలేదు, చదువు ఆగిపోయిందనుకున్నారు. రెండు వీధులవతల ఇంకొకాయన మైకు పెట్టి మరీ చదివిస్తున్నాడు. నెల తిరక్కముందే సగం మంది అక్కడికి పోయారు. ఆర్నెల్లకు గది ఖాళీ చేశాను.

ఖాళీ చేసే ముందు ఆమె దగ్గరికి వెళ్ళి, నేర్పే పద్ధతి మార్చానమ్మా, రా, ఈసారి సరిగా నేర్పిస్తాను, నువ్వొక్కదానివే వచ్చినా చాలు అన్నాను.

ఆమె చేతులు ఆపింది.

“వాని సంగతి ఆఫీసరుకు చెప్పేదానికి నేర్చుకోవాలనుకున్నాను సార్. ఇప్పుడు ఎవరికి చెప్పల్ల?”

ఆమె కొడుకు అప్పటికి ఆరో తరగతి. వసారాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నాడు, పెదవులు కదుపుతూ. ఏం చదువుతున్నాడో వినకుండానే నాకు తెలిసింది. వినాలని కూడా అనిపించలేదు.

ఇది చదివి అయ్యో అనుకోవద్దు. మీ అయ్యో ఆమెకు అక్కరలేదు. రేపు పొద్దున మీ ఊరి బడికి వెళ్ళండి. మీ బిడ్డ చదివే బడి కాకపోయినా సరే. వరండాలో నిలబడండి. అరవై గొంతులు ఒక్కటిగా అరుస్తుంటే లోపలికి వెళ్ళి సారు అనుమతి అడగండి. ఒక్క బిడ్డను పేరుతో పిలిచి, పుస్తకంలో లేని ఒక ప్రశ్న ఇంగ్లీషులో అడగండి. నీ పెన్సిలు ఎవరు తీసుకున్నారు అని అడిగినా చాలు. ఆ బిడ్డ తడబడుతుంది. అందించకండి, తప్పు దిద్దకండి, పక్కవాళ్ళను నవ్వనివ్వకండి. గంట కొట్టినా కదలకండి. ఆ బిడ్డ తన మాట తాను చెప్పేదాకా అక్కడే నిలబడండి.